మారిషస్‌లో ఏం తినాలి? హోటల్ బఫే కాదు, అక్కడి వాళ్ళు తినేవి చెప్పండి

మధు_కాకినాడ:
అందరికీ నమస్కారం. నవంబరు నెలాఖరులో మారిషస్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మా, నాన్నా. బస పడమటి తీరంలో, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ దగ్గర. పొద్దున టిఫిను హోటల్లోనే. ట్రావెల్ ఏజెంటు మాత్రం "రోజూ రాత్రి ఇండియన్ డిన్నర్ పెట్టిస్తాం సార్, టెన్షన్ పడకండి" అంటున్నాడు. సముద్రం దాటి వెళ్ళి పనీర్ బటర్ మసాలా తినాలని నాకు లేదు. ఆ ప్యాకేజీ వద్దని చెప్పేయాలని ఉంది గానీ, నాన్న పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. అమ్మ చేప తింటుంది. మా ఇద్దరికీ గొడ్డు మాంసం, పంది మాంసం తప్ప ఏదైనా సరే. అక్కడ ఊళ్ళో జనం ఏం తింటారు, ఎక్కడ తింటారు, నాన్నకి ఏం దొరుకుతుంది? వెళ్ళొచ్చిన వాళ్ళు, అక్కడే ఉన్నవాళ్ళు చెబితే మేలు.

రాత్రిబస్సు:
ఆ డిన్నర్ ప్యాకేజీ వద్దని ఇవాళే చెప్పేయండి.

మొట్టమొదట తినాల్సింది డాల్ పురి. పసుపు బఠాణీ పప్పో శనగపప్పో పసుపు వేసి ఉడికించి, నీళ్ళు లేకుండా పొడిపొడిగా చేసి, కాస్త జీలకర్ర పొడి కలిపి, మెత్తటి పిండిలో పెట్టి పల్చగా ఒత్తి పెనం మీద కాలుస్తారు. బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి, కానీ అంతకన్నా చాలా పల్చన, చేత్తో పట్టుకుంటే జారిపోయేంత మెత్తన. అక్కడ ఒకటి అమ్మరు, జతగా ఇస్తారు. మధ్యలో పెద్ద తెల్ల చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్, కొత్తిమీర పచ్చడి, అడిగితే మిరపకాయ ముద్ద వేసి, చుట్టి కాగితంలో పెడతారు. నిలబడే తినాలి. రోజ్ హిల్‌లో దేవా వాళ్ళ కొట్టు దీనికి పేరుమోసింది. అక్కడిదాకా వెళ్ళకపోయినా బాధ లేదు, ప్రతి ఊళ్ళోనూ సైకిల్ మీదో మోటారు సైకిల్ మీదో గాజు పెట్టె పెట్టుకుని అమ్మేవాళ్ళు ఉంటారు. జనం వరుసలో నిలబడిన చోట ఆగండి.

మీ నాన్నగారికి ఇది నిశ్చింతగా పెట్టొచ్చు. గుడ్డు ఉండదు, మాంసం ఉండదు.

కాత్ర్‌బోర్న్_కోడలు:
మధు గారూ, నాది విశాఖ, అత్తవారిది ఇక్కడి తెలుగు కుటుంబం. మా ఆయన ముత్తాత చెరకు తోటల్లో పనికి వచ్చినవారు. ఇంట్లో మాట్లాడుకునేది క్రెయోల్, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన ఇక్కడి భాష; పూజ దగ్గర తెలుగు. నేను చెప్పేది హోటళ్ళ సంగతి కాదు, మా అత్తయ్య వంటింటి సంగతి.

రాత్రిబస్సు గారు డాల్ పురి గురించి సరిగ్గా చెప్పారు. ఒక్కటి కలుపుతాను. పెళ్ళిళ్ళలో దాన్ని బియ్యం పాయసంతో కూడా తింటారు. కారం కూరలతో ఒక జత, పాయసంతో ఒక జత. బజారులో ఇది తేలిగ్గా దొరకదు, ఎవరైనా పెళ్ళికి పిలిస్తే వదులుకోవద్దు.

ఇక్కడి వంటకి ప్రాణం రుగాయ్. దీన్ని టమాటా కూర అనేసి పక్కన పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి వేగాక బాగా పండిన టమాటాలు వేసి, అందులో థైమ్ అనే సువాసన ఆకు రెమ్మలు వేస్తారు. ఆ థైమ్ వాసనే తేడా అంతా. మన తాలింపులో ఎప్పుడూ లేని వాసన అది. చివర కొత్తిమీర. ఇదే రుగాయ్‌లో ఎండు చేప వేస్తే ఒక వంట, సాసేజ్ వేస్తే ఇంకొకటి, గుడ్డు వేస్తే మరొకటి. ఏమీ లేని రోజున వట్టి రుగాయ్, అన్నం, పప్పు, పక్కన ఆకుకూర చారు. మా ఇంట్లో వారంలో సగం రోజులు అంతే.

ఆ ఆకుకూర చారుని బుయ్యోన్ బ్రెద్ అంటారు. మునగాకు, తోటకూర, కామంచి ఆకు, చేమాకు, గుమ్మడి ఆకు, బెంగళూరు వంకాయ తీగ చివుళ్ళు, ఏది దొరికితే అది. ఉల్లి, వెల్లుల్లి, అల్లం వేసి నీళ్ళలో ఒక్క పొంగు. మసాలా ఉండదు, పులుపు ఉండదు. మొదట్లో నాకు చప్పగా అనిపించేది, ఇప్పుడు అది లేకపోతే అన్నం దిగదు. మీ నాన్నగారికి నచ్చుతుంది, కానీ కొందరు రుచికోసం ఎండు రొయ్యలు వేస్తారు కాబట్టి అడిగి తీసుకోండి.

శ్రీవల్లి_బెంగళూరు:
అడగడం ఎలా? మేము వెళ్ళినప్పుడు "వెజిటేరియన్" అంటే తల ఊపారు, తర్వాత నూడిల్స్‌లో గుడ్డు వచ్చింది.

కాత్ర్‌బోర్న్_కోడలు:
అవునండీ, ఒట్టి ఆ మాటతో ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. విడివిడిగా చెప్పాలి. "సాన్ లావ్యాన్, సాన్ ప్వాసోన్, సాన్ దిజెఫ్". మాంసం లేకుండా, చేప లేకుండా, గుడ్డు లేకుండా అని. కారం వద్దనుకుంటే "సాన్ పిమా", కొంచెం చాలు అంటే "ఎన్ తిగిత్ పిమా". ధర అడగాలంటే "కొమ్యే?". ఇంగ్లీషు చాలామందికి వస్తుంది, కానీ బండి దగ్గర క్రెయోల్ రెండు ముక్కలు మాట్లాడితే ముఖం వెలిగిపోతుంది, ఇంకో గరిటె కూర ఎక్కువ పడుతుంది.

శాకాహారులు జాగ్రత్త పడాల్సినవి కూడా చెప్తాను. వేయించిన నూడిల్స్‌లో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాసు పడుతుంది. బులెత్ అనే ఆవిరి ఉండల్లో బెంగళూరు వంకాయతో చేసేవి కూడా ఉంటాయి, పేరు విని కూరగాయ ఉండ అనుకుంటాం, అందులో రొయ్యో కోడో కలుస్తుంది. వేపుడు బండ్ల దగ్గర ఒకే నూనెలో చేప ముక్కలు, మాంసం సమోసాలు వేయిస్తారు. పట్టింపు ఉన్నవాళ్ళు గుడి దగ్గరి కొట్లలోనో, పూర్తి శాకాహారం అని రాసిన చోటో తినడం మంచిది. ఇక్కడ జనాభాలో దాదాపు సగం హిందువులు. పూజల రోజుల్లో మాంసం ముట్టని ఇళ్ళు లెక్కలేనన్ని. కాబట్టి శాకాహార వంట ఇక్కడ కొత్త కాదు, దాని చోటు తెలియాలి అంతే.

హైదరాబాద్_భోజనప్రియ:
నేను వెళ్ళినప్పుడు నన్ను కట్టిపడేసింది చైనా వైపు వంటలు. రాజధాని పోర్ట్ లూయిస్‌లో చైనాటౌన్ ఉంది, దక్షిణ చైనా నుంచి వచ్చిన హక్కా, కాంటనీస్ కుటుంబాలు తరాలుగా అక్కడే. "మీన్ ఫ్రీ" అంటే వేయించిన నూడిల్స్, "మీన్ బ్వీ" అంటే ఉడికించినవి. పైన వెల్లుల్లి నీళ్ళు, మిరపకాయ ముద్ద. మన దగ్గర బండి మీద దొరికే నూడిల్స్‌తో దీనికి సంబంధం లేదు, అంత నూనె, అంత సాసు ఉండదు.

"బోల్ రాన్వెర్సే" తప్పక తినండి. గిన్నె అడుగున వేయించిన గుడ్డు, దాని మీద కోడి లేదా రొయ్యలతో చిక్కటి సాసు కూర, పైన అన్నం అదిమి పెడతారు. పళ్ళెంలో బోర్లించి గిన్నె తీస్తే గుడ్డు నెత్తిన కూర్చుంటుంది, సాసు పక్కలకి కారుతుంది. పిల్లలకీ పెద్దలకీ నచ్చే వంట. ఒక పళ్ళెం ఇద్దరికి సరిపోతుంది.

బులెత్‌లు మాంసాహారులు వదలకూడదు. కొట్టు ముందు ఆవిరి గిన్నెల్లో రకరకాల ఉండలు ఉంటాయి, చేపవి, కోడివి, బెంగళూరు వంకాయవి, టోఫూవి. చేత్తో చూపించి ఎన్ని కావాలో చెబితే గిన్నెలో వేసి వేడి రసం పోసిస్తారు. సాయంత్రం సముద్రం దగ్గర గాలి చల్లబడ్డాక అది తాగుతుంటే ప్రాణం లేచొస్తుంది.

వేణు_మాస్టారు:
రెండేళ్ళ క్రితం మేం వెళ్ళాం. నిజం చెప్పాలంటే నాకు అంతా మన వంటే కనిపించింది. గాతో పిమా అంటే మసాలా వడ. అలూదా అంటే ఫలూదా. రాసోన్ అంటే రసం. ఫరాతా అంటే పరాటా. మన వంటలు మన దగ్గరే ఇంకా బాగుంటాయి కదా. కొత్తగా తినడానికి ఏముంది అనిపించింది.

పచ్చడిబండ:
మాస్టారూ, గౌరవంతోనే చెబుతున్నా, అక్కడే మీతో విభేదిస్తున్నా. గాతో పిమా మసాలా వడకి చుట్టమే. పప్పు నానబెట్టి, రుబ్బి, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి నూనెలో వేయిస్తారు. కానీ ఎలా తింటారో చూడండి. పొద్దున్నే బేకరీలో వేడి గుండ్రటి బ్రెడ్డు కొని, చీల్చి, వెన్న రాసి, వేడి గాతో పిమాలు నాలుగైదు అందులో అదిమి తింటారు. ఫ్రెంచి వాళ్ళ రొట్టె, మన వడ, మధ్యలో కరిగే వెన్న. ఆ కాంబినేషన్ మన ఊళ్ళో ఎవరికీ తట్టలేదు. పనికి వెళ్ళే జనం బస్టాండు దగ్గర అదే టిఫినుగా తింటారు.

కారం ఇష్టమైన వాళ్ళు మజవారు అడగండి. ఎర్ర మిరపకాయలు, వెల్లుల్లి, అల్లం దంచి నూనెలో మగ్గించిన ముద్ద. గుంటూరు వాళ్ళం కారానికి భయపడం అని వెళ్ళాను, అక్కడి చిన్న మిరపకాయల ఘాటు వేరు, మొదట వేలి కొనకి తీసుకోండి. కూరగాయల అషార్ కూడా చాలా బాగుంటుంది. క్యాబేజీ, క్యారెట్, బీన్స్ సన్నగా తరిగి, ఆవపిండి, పసుపు, నూనె, వెనిగర్‌తో కలుపుతారు. మన ఊరగాయలా నెలలు నిల్వ ఉండదు, అందుకే కూరగాయ కరకరలాడుతుంది. దాన్ని కూడా బ్రెడ్డులో పెట్టి అమ్ముతారు, మధు గారి నాన్నగారికి చక్కటి మధ్యాహ్న భోజనం.

పాత_పటం:
వేణు మాస్టారు గారి మాటకి చరిత్రలోంచి ఒక జవాబు. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది భారతీయ కూలీలు ఒప్పంద పత్రాల మీద ఆ దీవికి వచ్చారు. ఎక్కువమంది భోజ్‌పురి ప్రాంతం వాళ్ళు. తమిళులు, మరాఠీలు, మన కోస్తా తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. కోరంగి రేవు నుంచి వెళ్ళిన వాళ్ళు ఉండడంతో అక్కడ తెలుగువాళ్ళకి కోరంగీలు అనే పేరే స్థిరపడింది. మధు గారూ, మీది కాకినాడ కదా, కోరంగి మీ పక్కనే. ఆ కూలీలకి తోట యజమానులు రేషనుగా ఇచ్చింది బియ్యం, పప్పు, ఉప్పు, ఎండు చేప లాంటివి. ఆ నాలుగు దినుసుల చుట్టూ పుట్టిన వంట ఇది. అప్పటికే అక్కడ ఫ్రెంచి ఇళ్ళ వంట ఉంది, మడగాస్కర్, మొజాంబిక్ నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ వంట ఉంది. 1835లో బానిసత్వం రద్దవడంతో తోటల్లో వాళ్ళ చోటుకి మనవాళ్ళు వచ్చారు. తర్వాత చైనా కొట్ల వాళ్ళు. ఒకరి ఇంటి నుంచి ఒకరి ఇంటికి గిన్నెలు మారాయి. థైమ్ మన కూరలోకి వచ్చింది, కరివేపాకు క్రెయోల్ వాళ్ళ, అంటే ఆ బానిసల సంతతి వాళ్ళ, కూరలోకి వెళ్ళింది. మన వంట అని చూస్తే మనకి తెలిసిందే కనిపిస్తుంది, వాళ్ళ వంట అని చూస్తే ఈ ప్రయాణమంతా కనిపిస్తుంది.

పోర్ట్ లూయిస్ వెళ్తే అప్రవాసి ఘాట్ చూడండి. కూలీలు ఓడ దిగి ఎక్కిన మెట్లు ఇంకా ఉన్నాయి. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి నుంచి సెంట్రల్ మార్కెట్‌కి నడిచి వెళ్ళొచ్చు. ముందు ఆ మెట్లు, తర్వాత మార్కెట్లో భోజనం. ఆ వరసలోనే చూడమంటాను.

వేణు_మాస్టారు:
పాత_పటం గారూ, ఇలా ఎవరూ చెప్పలేదు నాకు. మా గైడు షాపింగ్ మాల్‌కి తీసుకెళ్ళాడు. మళ్ళీ వెళ్తే ఆ మెట్ల దగ్గర నిలబడాలి.

మధు_కాకినాడ:
కోరంగి మా అమ్మమ్మగారి ఊరికి దగ్గరే. ఈ విషయం నాన్నకి చదివి వినిపించాను, ఇప్పుడు ఆయన నాకన్నా హుషారుగా ఉన్నారు. చేప సంగతి కూడా చెప్పండి, అమ్మ అడుగుతోంది.

సముద్రపు_గాలి:
చేపల వంతు నాది. అమ్మగారికి "విందాయ్" పెట్టించండి. ట్యూనా లాంటి గట్టి చేప ముక్కలు వేయించి, ఆవాల ముద్ద, పసుపు, వెనిగర్, వెల్లుల్లితో కలిపి ఊరబెడతారు. చల్లగానే తింటారు. మన చేపల పులుసు ఎలా మర్నాటికి బాగుంటుందో ఇది అంతకన్నా ఎక్కువ. ఆక్టోపస్‌తో కూడా చేస్తారు, దాన్ని అక్కడ "ఉరిత్" అంటారు.

ఆక్టోపస్ గురించి కొంచెం చెప్పాలి. రోడ్రిగ్స్ అని మారిషస్‌కి తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో చిన్న దీవి, అదే దేశం. ఆటు సమయంలో ఆడవాళ్ళు లోతు తక్కువ నీళ్ళలో నడుస్తూ పొడవాటి కర్రతో ఆక్టోపస్ పడతారు. ఒడ్డున కర్రలకి వేలాడేసి ఎండబెడతారు. విపరీతంగా పట్టేయడం వల్ల బాగా తగ్గిపోయాయి. 2012 నుంచి ఏటా ఆగస్టు మొదలుకుని రెండు నెలల దాకా వేట ఆపేస్తున్నారు. పిల్ల ఆక్టోపస్‌లు ఎదగడానికి ఆ విరామం. తర్వాత మారిషస్‌లోనూ అదే పద్ధతి తెచ్చారు, ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. మీరు నవంబరులో వెళ్తున్నారు కాబట్టి నిశ్చింతగా తినొచ్చు. ఆ రెండు నెలల్లో వెళ్ళేవాళ్ళు తాజాది అని ఎవరైనా పెడితే వద్దనండి. వేటగాళ్ళు పని మానుకుని నిలబెట్టుకుంటున్న నియమం అది, పర్యాటకులం మనం దాన్ని పాడుచేయకూడదు.

బ్లాక్ రివర్ వైపు మార్లిన్ చేపని పొగబెట్టి సన్నటి పొరలుగా కోసి నిమ్మకాయతో ఇస్తారు. అది పొగ వాసన ఇష్టమైన వాళ్ళకి.

కాత్ర్‌బోర్న్_కోడలు:
విందాయ్ ఇంట్లో చేసుకునే పద్ధతి రాస్తున్నా, ఆంధ్రాలో కూడా అన్నీ దొరుకుతాయి. చేప ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి పైన రంగు వచ్చేలా వేయించి పక్కన పెట్టండి, మరీ ఎండిపోకూడదు. ఆవాలు రెండు చెంచాలు మరీ మెత్తగా కాకుండా నూరండి. నూనె వేడెక్కాక పొట్టు తీసిన వెల్లుల్లి రెబ్బలు నిండుగా, గుప్పెడు అయినా ఫర్వాలేదు, ఆ తర్వాత చిన్న ఉల్లిపాయలు సగానికి కోసి, చీల్చిన పచ్చిమిర్చి. ఉల్లి మెత్తబడకముందే మంట తగ్గించి పసుపు, ఆవాల ముద్ద వేయండి. ఆవాలు మాడితే చేదు, అక్కడే వంట ఉంది. వెనిగర్ పోసి ఒక్క పొంగు రాగానే దింపి చేప మీద వేసి కలపండి. గాజు సీసాలో పెట్టి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు అన్నం, పప్పుతో గానీ, బ్రెడ్డులో గానీ.

శాకాహారులకి ఇదే విందాయ్ పనసకాయతో చేస్తారు. లేత పనస ముక్కలు ఉడికించి వేయించి అదే ఆవపిండి, వెనిగర్. మా అత్తయ్య గోవిందన్ నెలలో, అంటే వేంకటేశ్వరుడి పూజలు చేసే రోజుల్లో, ఇంట్లో మాంసం చేప ఉండవు కాబట్టి ఇదే చేస్తుంది.

అన్నట్టు, ఇక్కడి అసలైన విందు సెత్ కారి. ఏడు కూరలు, అరిటాకులో. తమిళ, తెలుగు ఇళ్ళలో పూజలకీ పెళ్ళిళ్ళకీ. అరటికాయ, గుమ్మడి, పనస, వంకాయ, చిక్కుడు గింజలు, ఆకుకూర, బంగాళాదుంప, ఇంటింటికీ కాస్త మారుతుంది. పక్కన రాసోన్, అప్పడం, అషార్, చివర పాయసం. ఉగాది ఇక్కడ ప్రభుత్వ సెలవు దినం, సింహాద్రి అప్పన్న పూజలు, రాత్రంతా దీపం చుట్టూ రామ భజనం చేసే అలవాటు ఇంకా ఉన్నాయి. గుడిలో అన్నదానం జరిగే రోజు మీరు వెళ్తే పంక్తిలో కూర్చోబెడతారు, ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతారు. కాకినాడ అని చెప్పండి.

శ్రీవల్లి_బెంగళూరు:
కోడలు గారూ, ఈ సెత్ కారి పర్యాటకులకి ఎక్కడైనా దొరుకుతుందా? గుడికి వెళ్ళి భోజనం కోసం నిలబడాలంటే మొహమాటంగా ఉంటుంది.

కాత్ర్‌బోర్న్_కోడలు:
కొన్ని హోటళ్ళలో, ఇళ్ళలో అతిథులకి వండిపెట్టేవాళ్ళ దగ్గర ముందు రోజు చెబితే చేస్తారు. మీ బస వాళ్ళనే అడగండి, వంటగదిలో పనిచేసే అమ్మాయిల్లో ఎవరో ఒకరి ఇంట్లో ఈ వంట ఉంటుంది. గుడిలో మొహమాటం అక్కర్లేదండీ. స్నానం చేసి, శుభ్రమైన బట్టలతో వెళ్ళి, దండం పెట్టుకుని కూర్చోండి. ఎవరూ పొమ్మనరు.

రాత్రిబస్సు:
తాగేవి, తీపివి ఎవరూ చెప్పలేదు. అలూదా: చల్లటి పాలు, సబ్జా గింజలు, సన్నగా తురిమిన అగర్ అగర్, వెనిలా లేదా బాదం వాసన. అగర్ సముద్రపు నాచు నుంచి వస్తుంది కాబట్టి శాకాహారులకీ సరే. ఐస్‌క్రీమ్ వేసినవి కూడా ఉంటాయి, నాకు ఉత్తదే ఇష్టం. పోర్ట్ లూయిస్ సెంట్రల్ మార్కెట్లో పిళ్ళై వాళ్ళ అలూదా కొట్టు అందరికీ తెలుసు. నవంబరు అక్కడ వేసవి, ఆ ఎండకి ఇంతకన్నా మంచి మందు లేదు.

పుతూ అని బియ్యప్పిండి ఆవిరిపెట్టి కొబ్బరి కోరు చల్లి ఇస్తారు. గాతో పతాత్ అని చిలగడదుంప పిండిలో తీపి కొబ్బరి పెట్టి అర్ధచంద్రాకారంలో మడిచి వేయిస్తారు, దీపావళికి ఇంటింటా ఉంటుంది. నపొలితెన్ అని రెండు బిస్కెట్ల మధ్య జామ్ పెట్టి గులాబీ రంగు పంచదార పూత పూసినవి బేకరీల్లో అమ్ముతారు, చూడ్డానికి బాగుంటాయి, నాకు మాత్రం తీపి మరీ ఎక్కువ.

సముద్రపు ఒడ్డున చిన్న అనాసపండు చెక్కి, కాడ పట్టుకుని తినేలా పెట్టి, పైన చింతపండు కారం ఉప్పు రాసిస్తారు. అది తినకుండా ఒడ్డు నుంచి లేవకండి.

పచ్చడిబండ:
దానికి తోడు "కోంఫి" కూడా. పచ్చి మామిడి, అనాస, అంబాళం లాంటి పండ్ల ముక్కలు ఉప్పు, చింతపండు, మిరపకాయల్లో ఊరినవి. స్కూళ్ళ దగ్గర, బీచ్‌ల దగ్గర సీసాల్లో వరసగా పెట్టుకుని అమ్ముతారు. మధు గారూ, మీరు వెళ్ళేసరికి లిచీల కాలం కూడా. రోడ్డు పక్కన గుత్తులు కట్టి అమ్ముతారు.

సముద్రపు_గాలి:
మహెబూర్‌లో కర్రపెండలం బిస్కెట్ల చిన్న ఫ్యాక్టరీ ఉంది, 1870 నుంచి ఒకే కుటుంబం నడుపుతోంది. దుంప తురిమి, పిండి జల్లించి, ఎండిన చెరకు ఆకుల మంట మీద పెనాల పైన చేత్తో కాలుస్తారు. లోపల తిప్పి చూపించి, టీ ఇచ్చి రుచి చూపిస్తారు. సామర్లకోట, పెద్దాపురం వైపు కర్రపెండలంతో సగ్గుబియ్యం చేయడం చూసినవాళ్ళకి ఇది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పనిదినాల్లో వెళ్ళండి. మహెబూర్‌లో సోమవారం పెద్ద సంత, రెండూ ఒకే రోజు కుదురుతాయి.

హైదరాబాద్_భోజనప్రియ:
జింక మాంసం గురించి ఎవరూ మాట్లాడలేదు. డచ్చి వాళ్ళు 1639లో జావా నుంచి తెచ్చిన జింకలు అక్కడ పెరిగిపోయాయి, చట్టబద్ధంగానే వేటాడి, పెంచి అమ్ముతారు. కూరగా వండుతారు. మన దేశంలో తినలేనిది కాబట్టి చాలామంది ఆసక్తిగా అడుగుతారు. వేట కాలం అక్కడి చలికాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉంటుంది, నవంబరులో దొరికితే అది ఫ్రిజ్‌లోదే. నాకైతే అది తప్పనిసరి అనిపించలేదు.

తాటి మొవ్వు సలాడ్ కూడా ఖరీదైన హోటళ్ళలో గొప్పగా పెడతారు. లేత తెల్లటి కాండం, చాలా సున్నితమైన రుచి. కాకపోతే ఒక పళ్ళెం కోసం ఏళ్ళ తరబడి పెంచిన చెట్టుని మొత్తం నరకాలి. తోటల్లో దానికోసమే పెంచుతారని తెలుసు, అయినా నాకు మనసు రాలేదు. ఎవరి ఇష్టం వారిది.

శ్రీవల్లి_బెంగళూరు:
డబ్బు సంగతి చెప్పండి ఎవరైనా. బండి దగ్గర కార్డు తీసుకుంటారా?

రాత్రిబస్సు:
2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ అక్కడ మొదలైంది, కొన్ని దుకాణాల్లో పనిచేస్తుంది. డాల్ పురి బండి దగ్గర మాత్రం చిల్లర నోట్లు ఉండాల్సిందే. వాళ్ళ రూపాయి మన రూపాయి కన్నా విలువైనది, దాదాపు రెండింతలకి కాస్త తక్కువ. అయినా వీధి తిండి చవకే, హోటల్లో ఒకరి డిన్నర్ డబ్బుతో మీ నలుగురూ బయట కడుపునిండా తింటారు.

వేణు_మాస్టారు:
పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి ఒక మాట. ఊరగాయ సీసాలు, ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్లు సూట్‌కేసు నిండా సర్దుకుని వెళ్ళాం మేము. ఒకటి రెండు ఉంటే అమ్మానాన్నలకి ధైర్యంగా ఉంటుంది, అంతవరకు మంచిదే. కానీ అవి ఉంటే చేయి అటే పోతుంది. తక్కువ పట్టుకెళ్ళండి.

మధు_కాకినాడ:
అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఏజెంటుకి ఫోన్ చేసి డిన్నర్ ప్యాకేజీ తీయించేశాను. ప్లాన్ ఇలా అనుకుంటున్నాం. మొదటి ఆదివారం పోర్ట్ లూయిస్: పొద్దున బీచ్‌లో గడిపి, మధ్యాహ్నం భోజనం వేళకి అప్రవాసి ఘాట్, ఆ తర్వాత సెంట్రల్ మార్కెట్లో డాల్ పురి, అలూదా. మర్నాడు సోమవారం మహెబూర్ సంత, బిస్కెట్ల ఫ్యాక్టరీ. అమ్మ కోసం ఒక రోజు విందాయ్, నాన్న కోసం సెత్ కారి ముందు రోజు చెప్పి చేయించుకుంటాం. సరిపోతుందా?

కాత్ర్‌బోర్న్_కోడలు:
సోమవారం ప్లాన్ బంగారంలా ఉంది. ఆదివారం మార్చండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి పోర్ట్ లూయిస్ నిర్మానుష్యం, కొట్లు మూసేస్తారు. ఆ రోజు తూర్పున ఫ్లాక్ సంతకి వెళ్ళండి (మీరు ఉండే ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ కాదు, వేరే ఊరు), దీవిలో పెద్ద సంతల్లో అదొకటి, ఆదివారమే జోరు. అక్కడే బండ్ల మీద డాల్ పురి, గాతో పిమా, అషార్ బ్రెడ్డు అన్నీ ఉంటాయి, నాన్నగారు కూరగాయలు చూసుకుంటూ తిరగొచ్చు. పోర్ట్ లూయిస్‌ని మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. ఏ రోజు వెళ్ళినా పొద్దున పదకొండు లోపే మార్కెట్లో ఉండండి. మంచి డాల్ పురి మధ్యాహ్నం దాటేదాకా మిగలదు.

మధు_కాకినాడ:
మార్చేశానండీ. ఆదివారం ఫ్లాక్, బుధవారం పోర్ట్ లూయిస్, పొద్దున్నే.